కండరానికి నెట్టడం రాదు

మనిషి ఒంట్లో ఎముకలను కదిలించే కండరాలు 600కు పైనే ఉన్నాయి. పెద్దవాళ్ల ఒంటి బరువులో దాదాపు 40 శాతం వాటిదే. బస్తా ఎత్తినా, బంతి విసిరినా, వీణ మీటినా, కన్ను తిప్పినా అది వాటి పనే. ఇన్ని పనులు చేసే ఆ కండరాల్లో ఒక్కదానికి కూడా నెట్టడం చేతకాదు. కండరానికి వచ్చిన విద్య ఒక్కటే: పొట్టి అవుతూ తన రెండు కొసలనూ దగ్గరికి లాక్కోవడం. లాగడం ఆపేశాక తనంతట తాను మళ్లీ మునుపటి పొడవుకు సాగడం కూడా దానికి రాదు. ఇంకేదో వచ్చి దాన్ని సాగదీయాలి.

కదలిక పాఠాన్ని ఇక్కణ్నించి మొదలుపెట్టాలని నా అభిప్రాయం. మన తరగతుల్లో అది సాధారణంగా 206 అన్న అంకెతో మొదలవుతుంది. ఎముకలెన్ని, కీళ్లు ఎన్ని రకాలు, వాటి పేర్లేమిటి అంటూ సాగి, బొమ్మ గీసి భాగాలు గుర్తించడంతో ముగుస్తుంది. పిల్లలకు మార్కులు వస్తాయి. కానీ చెయ్యి ఎలా పైకి లేచిందని అడిగితే "కండరాలు సంకోచించడం వల్ల" అన్న ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతారు. కండరానికి లాగడం తప్ప ఇంకోటి రాదన్న సంగతి గట్టిగా పట్టుబడితే మిగతాదంతా దాని వెనకే వస్తుంది. కండరాలు జంటలుగా ఎందుకున్నాయో, ఎముకకు అవి కీలు పక్కనే ఎందుకు అతుక్కున్నాయో, వయసు మీద పడ్డాక మోకాలూ తుంటీ ఎందుకు మొరాయిస్తాయో అందులోంచే తెలుస్తుంది.

మరి తలుపును ఎలా నెడుతున్నాం? పిల్లలు వెంటనే అడగాల్సిన ప్రశ్న ఇది. వాళ్లు అడగకపోతే టీచరే అడగాలి. జవాబు చెప్పే ముందు అందరినీ గోడ దగ్గరికి పంపండి. మోచెయ్యి కొంచెం మడిచి, కుడి అరచేతిని గోడకు ఆనించి గట్టిగా నెట్టమనండి. ఎడమ చేత్తో కుడి జబ్బను పట్టుకుని చూడమనండి. ముందువైపు కండ మెత్తగానే ఉంటుంది. వెనకవైపు కండ మాత్రం రాయిలా బిగుస్తుంది. అది ట్రైసెప్స్. దాని కింది కొస మోచేతి వెనక పొడుచుకొచ్చిన ఎముక మొనకు అతుక్కుని ఉంటుంది. బల్ల మీద మోచెయ్యి ఆనించినప్పుడు గుచ్చుకునేది ఆ మొనే. ట్రైసెప్స్ దాన్ని తనవైపు లాగుతుంది. మొన కీలుకు ఇటువైపు ఉంది, అరచెయ్యి అటువైపు ఉంది. మొన వెనక్కి వస్తే అరచెయ్యి ముందుకు పోతుంది. లోపల జరిగింది లాగడమే. దాన్ని బయట నెట్టడంగా మార్చింది కీలు.

ఇప్పుడు అదే చేతిని బల్ల కిందికి పెట్టి, బల్లను పైకెత్తబోతున్నట్టు బిగించమనండి. ఈసారి జబ్బ ముందువైపు బైసెప్స్ గట్టిపడుతుంది. మడిచేది ఒకటి, చాచేది ఇంకొకటి. చాచే కండరం లాగితే మడిచే కండరం సాగుతుంది, మడిచేది లాగితే చాచేది సాగుతుంది. తనంతట తాను సాగలేని కండరానికి జంట తప్పదు. మోకాలి దగ్గరా అంతే. తొడ ముందు కండరాలు కాలిని చాపుతాయి, వెనక కండరాలు మడుస్తాయి.

ఒకటి సంకోచిస్తే రెండోది సడలుతుందని పాఠాల్లో రాస్తారు. అది సగం నిజమే. సూదిలో దారం ఎక్కించేటప్పుడు, అంచుదాకా టీ పోసిన కప్పుతో నడిచేటప్పుడు జంటలో రెండూ ఒకేసారి లాగుతాయి. రెండువైపులా లాగి పట్టడం వల్ల కీలు బిగుస్తుంది, చెయ్యి వణకదు. కొత్తగా సైకిలు నేర్చుకునే పిల్లవాడి చేతులు కర్రల్లా బిగుసుకుపోవడానికీ ఇదే కారణం. ఏ కండరాన్ని ఎంత లాగించాలో నాడీవ్యవస్థకు ఇంకా పట్టుబడలేదు కాబట్టి అన్నింటినీ బిగిస్తుంది. సాధన పెరిగినకొద్దీ అక్కర్లేని బిగింపు తగ్గుతుంది. చేయి తిరిగిన వడ్రంగి పని చేస్తుంటే అంత సునాయాసంగా కనిపించడం అందుకే.

బైసెప్స్ గురించి ఇంకో మాట. చెయ్యి మడవడమే దాని పనని దాదాపు అందరూ అనుకుంటారు. మోచెయ్యి మడిచి, అరచెయ్యి నేలవైపు ఉంచి, పక్కవాళ్లు అడ్డుకుంటుండగా అరచేతిని పైకి తిప్పడానికి ప్రయత్నించండి. బైసెప్స్ ఎంతగా ఉబ్బుతుందో చూడండి. ముంజేతిలో రెండెముకలున్నాయి. వాటిలో బొటనవేలి వైపున్న ఎముకకు బైసెప్స్ కొస అతుక్కుంటుంది, లాగినప్పుడు ఆ ఎముకను గిర్రున తిప్పుతుంది. కుడిచేతి వాటం వాళ్లు స్క్రూ బిగించేటప్పుడు పని చేసేది ఇదే. మడవడంలో ఎక్కువ భారం మోసేది బైసెప్స్ కింద కనబడకుండా ఉండే బ్రేకియాలిస్ అనే కండరం. బొమ్మల్లో దానికి చోటు దక్కదు.

ఇక ఈ కండరాలు ఎముకను ఎక్కడ పట్టుకుని లాగుతాయన్న సంగతికి వద్దాం. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. రెండు అట్టముక్కలు తీసుకోండి, ఒక్కోటి అడుగు పొడవు. కొసలు కలిపి బోల్టు బిగిస్తే మోచెయ్యి తయారు. కింది ముక్కకు బోల్టు నుంచి రెండంగుళాల దూరంలో ఒక రంధ్రం, ఎనిమిది అంగుళాల దూరంలో ఇంకో రంధ్రం చెయ్యండి. దాని చివర తాళంచెవుల గుత్తి వేలాడదీయండి. ఒక దారాన్ని మొదటి రంధ్రానికి కట్టి, పై ముక్క మీదుగా లాగమనండి. తరవాత దారాన్ని రెండో రంధ్రానికి మార్చి మళ్లీ లాగమనండి. రెండోసారి చాలా తేలిక. మొదటిసారి వేలికి దారం కోసుకుంటుంది. అప్పుడు పిల్లలను అడగండి: మన ఒళ్లు ఈ రెండింట్లో ఏది ఎంచుకుని ఉంటుంది? తేలికైనదే అని తరగతిలో ఎక్కువమంది అంటారు. వాళ్ల చేతినే తడిమి చూసుకోమనండి. కండరం పట్టు మోచేతి మడత పక్కనే ఉంది.

లెక్క చూద్దాం. అరచేతిలో ఐదు కిలోల సంచి పట్టుకుని, మోచెయ్యి లంబకోణంలో మడిచి నిలబడ్డారు. సంచి కీలు నుంచి సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంది. మడిచే కండరాల పట్టు ఐదు సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. దూరం ఏడో వంతు కాబట్టి బలం ఏడు రెట్లు కావాలి, అంటే సంచి కోసమే 35 కిలోల బరువెత్తేంత లాగుడు. ముంజెయ్యీ అరచెయ్యీ కలిపి ఒకటిన్నర కిలోలు, ఆ బరువు కీలుకు 15 సెంటీమీటర్ల దూరంలో పడుతుందనుకుంటే దానికి ఇంకో నాలుగున్నర. మొత్తం మీద ఐదు కిలోలు పట్టుకోవడానికి కండరాలు దాదాపు 40 కిలోల బలంతో లాగుతున్నాయి.

ఈ లెక్కను మొదట పద్ధతిగా కట్టినవాడు ఇటలీ గణితవేత్త జొవాన్ని అల్ఫోన్సో బొరెల్లి. జంతువుల కదలిక మీద ఆయన రాసిన గ్రంథం, ఆయన పోయిన మరుసటి ఏడాది, 1680లో అచ్చు కావడం మొదలైంది. ప్రకృతి తెలివైనది కాబట్టి తక్కువ బలంతో ఎక్కువ బరువు ఎత్తేలా ఎముకలను అమర్చి ఉంటుందని అప్పటిదాకా నమ్మేవారు. కాదు, కండరాలు తాము ఎత్తే బరువుకన్నా ఎన్నో రెట్లు బలం ఖర్చు చేస్తున్నాయని బొరెల్లి చూపించాడు.

ఈ నష్టపు బేరం ఎందుకు? గునపంతో బండను పెకలించేటప్పుడు చెయ్యి చాలా దూరం కదిలి, బండ కొద్దిగా లేస్తుంది. అక్కడ దూరం ఇచ్చి బలం కొనుక్కుంటున్నాం. చీపురు పట్టినప్పుడు చెయ్యి కొంచెమే కదిలి, కొస వాకిలంతా తిరుగుతుంది. అక్కడ బలం ఇచ్చి దూరం కొనుక్కుంటున్నాం. మన చెయ్యి ఈ రెండో రకం. కండరం ఒక సెంటీమీటరు పొట్టి అయితే అరచెయ్యి ఏడు సెంటీమీటర్లు కదులుతుంది, అదీ అదే క్షణంలో. అంటే వేగం కూడా ఏడు రెట్లు. కండరం తన పొడవులో సగానికి మించి పొట్టి కాలేదు. దాని పట్టు మణికట్టు దగ్గర ఉండి ఉంటే చెయ్యి పూర్తిగా మడతపడేదే కాదు, పైగా జబ్బ నుంచి మణికట్టు దాకా మాంసం తెరలా అడ్డం వచ్చేది. ఫాస్ట్ బౌలరు చెయ్యి, జావెలిన్ విసిరే చెయ్యి, దోమను కొట్టే చెయ్యి, అన్నీ ఈ నష్టపు బేరం మీదే బతుకుతున్నాయి.

అన్ని జంతువులూ ఒకే బేరం కుదుర్చుకోలేదు. నేల తవ్వి చీమలపుట్టలు పగలగొట్టే అలుగును చూడండి. దాని మోచేతి వెనక మొన చాలా పొడవుగా ఉంటుంది. ట్రైసెప్స్ పట్టు కీలుకు దూరంగా జరిగింది కాబట్టి వేగం తగ్గి బలం పెరిగింది. గుర్రంలో కాలి పొడవుతో పోలిస్తే ఆ మొన చిన్నది. అది పరిగెత్తాలి. మ్యూజియంలో అస్థిపంజరం కనబడితే పేరు పలక చదివే ముందు ఆ మొన చూడండి. ఆ జంతువు తవ్వేదో పరిగెత్తేదో ఎముకే చెబుతుంది.

కండరం లాగుతుందన్నాం. అసలు ఎలా లాగుతుంది? మెదడు నుంచి నరాల గొట్టాల్లో ఏదో సూక్ష్మమైన వాయువో ద్రవమో వచ్చి కండరాన్ని ఉబ్బిస్తుందనీ, ఉబ్బినందువల్ల అది పొట్టి అవుతుందనీ 17వ శతాబ్దం దాకా ఐరోపా పండితుల నమ్మకం. మీటల లెక్క అంత చక్కగా కట్టిన బొరెల్లి కూడా కండరం లోపల ద్రవాలు పొంగుతాయనే ఊహించాడు. దీన్ని తేల్చే ప్రయోగం నెదర్లాండ్స్‌లో యాన్ స్వామర్‌డామ్ చేశాడు. కప్ప తొడ కండరాన్ని నరంతో సహా గాజు గొట్టంలో పెట్టి మూసేశాడు. పైన సన్నటి నాళికలో ఒక నీటిబొట్టు ఉంచాడు. కండరం ఉబ్బితే లోపలి గాలి నెట్టుకొచ్చి బొట్టు పైకి లేవాలి. నరాన్ని కదిపాడు. కండరం ముడుచుకుంది, బొట్టు పైకి లేవలేదు. కండరం పొట్టి అయినంత మేర లావెక్కుతుందే తప్ప, దాని పరిమాణం పెరగదు.

నాలుక చేసే పని కూడా దీనితో అర్థమవుతుంది. దానిలోపల ఎముక లేదు, కీలు లేదు. అయినా అది బయటికి పొడుచుకొస్తుంది, పళ్లను నెడుతుంది. నాలుకలో అడ్డంగా, నిలువుగా పరుచుకున్న కండరపు పోగులున్నాయి. అవి బిగిస్తే నాలుక సన్నబడుతుంది. పరిమాణం మారడానికి వీల్లేదు కాబట్టి పొడవు పెరిగి తీరాలి. ఏనుగు తొండం కదలికలోనూ ఉన్నది ఇదే సూత్రం. నెట్టడానికి కీలు లేనిచోట జీవం కనిపెట్టిన ఉపాయం ఇది.

అసలు యంత్రం కంటపడటానికి 20వ శతాబ్దం సగం గడవాల్సి వచ్చింది. 1954 మే నెలలో 'నేచర్' పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేసింది. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కెలది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు. రెండు జట్లూ వేర్వేరు దారుల్లో ఒకే చోటికి చేరాయి: కండరం ముడుచుకున్నప్పుడు దాని లోపలి పోగులు పొట్టి కావు, ఒకదాని సందులోకి ఒకటి జారతాయి. రెండు చేతుల వేళ్లను ఎదురెదురుగా పెట్టి, కొసలు మాత్రమే కలిసేలా దూర్చండి. ఇప్పుడు లోపలికి తొయ్యండి. వేళ్ల పొడవు మారలేదు, మణికట్ల మధ్య దూరం తగ్గింది. కండరంలో జరిగేది అదే.

లావుపోగులు మయోసిన్ అనే ప్రోటీనువి, సన్నపోగులు ఆక్టిన్‌వి. మయోసిన్‌కు చిన్న చిన్న తలలుంటాయి. నరం నుంచి సంకేతం రాగానే కండర కణంలో కాల్షియం విడుదలవుతుంది, ఆక్టిన్ మీద పట్టుకునే చోట్లు తెరుచుకుంటాయి. మయోసిన్ తల అక్కడ పట్టుకుని, వంగి, లాగి, వదిలి, ఇంకొంచెం ముందు మళ్లీ పట్టుకుంటుంది. ఒక్కో లాగుడులో పోగు జరిగేది 10 నానోమీటర్ల లోపే. అంత చిన్న అడుగులతో చెయ్యి ఎలా లేస్తుందన్న అనుమానం రావాలి. ఈ పోగుల అమరికలో ఒక్కో గది సుమారు రెండున్నర మైక్రోమీటర్లు ఉంటుంది. పది సెంటీమీటర్ల కండరపు పోగులో అలాంటి గదులు 40,000 వరసగా ఉంటాయి. ఒక్కో గది అర మైక్రోమీటరు ముడుచుకున్నా మొత్తం మీద రెండు సెంటీమీటర్లు. అన్నీ ఒకేసారి ముడుచుకుంటాయి కాబట్టి సమయం పెరగదు. ఆ రెండు సెంటీమీటర్లే మీట చివర 14 సెంటీమీటర్ల కదలికవుతాయి.

పోగులు ఒకదానిలోకి ఒకటి జారతాయన్నదానికి గుర్తు మన చేతిలోనే దొరుకుతుంది. మణికట్టు నిటారుగా ఉంచి పిడికిలి బిగించండి. ఇప్పుడు మణికట్టును లోపలికి, అరచేతివైపు, వీలైనంత వంచి మళ్లీ బిగించండి. పట్టు సడలిపోతుంది. వేళ్లను మడిచే కండరాలు ముంజేతిలో ఉన్నాయి. మణికట్టు వంగేసరికే అవి పొట్టి అయిపోయాయి, పోగులు అప్పటికే లోతుగా దూరిపోయాయి, ఇక జారడానికి చోటు లేదు. పైగా వేళ్లను చాచే కండరాలు వెనక నుంచి లాగి పట్టుకుంటాయి. అందుకే గట్టిగా పట్టుకోవాల్సినప్పుడు మణికట్టును మనకు తెలియకుండానే కాస్త వెనక్కి వంచుతాం.

మయోసిన్ తల ప్రతి లాగుడుకూ, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు ఒకటి ఖర్చవుతుంది. ఇక్కడ మన భీమవరం వస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, 1923లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పని చేశారు. శరీర ద్రవాల్లో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. ఆ పద్ధతిని కండరం మీద వాడినప్పుడు రంగు రావాల్సిన తీరులో రాలేదు, ఆలస్యంగా చిక్కబడింది. ఏదో అస్థిరమైన భాస్వర పదార్థం మెల్లగా విడిపోతోందన్నమాట. ఆ ఆలస్యాన్ని పొరపాటని పక్కన పెట్టకుండా వెంటాడితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో కండరం నుంచి ఏటీపీని కూడా వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. అప్పటివరకు కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారీలోంచి నేరుగా వస్తుందని అనుకునేవారు, ఆ సిద్ధాంతం కొద్ది ఏళ్లలోనే కూలిపోయింది.

కండరంలో నిలవున్న ఏటీపీ గట్టి పరుగుకు రెండు మూడు సెకన్లకు మించి చాలదు. ఖర్చయిన ఏటీపీని అక్కడికక్కడే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. వంద మీటర్ల పరుగులో చాలా భాగం దాని చలవే. జిమ్‌లో క్రియాటిన్ పొడి డబ్బా కొనే కుర్రాళ్లకు దాని వెనక భీమవరం మనిషి పేరుందని చెప్పేవాళ్లు ఎవరైనా ఉండాలి. ఏటీపీ గురించి ఇంకో విషయం తప్పక చెప్పాలి: మయోసిన్ తల పట్టు వదలాలంటే కొత్త ఏటీపీ అణువు వచ్చి అంటుకోవాలి. ప్రాణం పోయిన కొన్ని గంటలకు శవం కొయ్యబారడం అందుకే. ఏటీపీ అయిపోయింది, తలలన్నీ పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోయాయి.

కండరం ఎముకకు నేరుగా అతుక్కోదు, మధ్యలో స్నాయుబంధనం అనే తెల్లటి తాడు ఉంటుంది. చికెన్ కొట్టు నుంచి కోడికాలు తెప్పించి, కోసిన చోట కనిపించే తెల్లటి తాడును పట్టుకారుతో లాగండి. గోళ్లు ముడుచుకుంటాయి. ఏ పిల్లవాడూ ఈ ప్రయోగాన్ని జన్మలో మరిచిపోడు. మన వేళ్లలోనూ ఎముకను మడిచే కండరం ఒక్కటీ లేదు. ముంజేతిని పట్టుకుని వేళ్లు ఆడించండి, కదిలే కండలు అక్కడ తగులుతాయి. వేళ్లు సన్నగా, చురుగ్గా ఉండాలంటే మోటర్లను దూరంగా పెట్టి తాళ్లతో నడపడమే దారి. ఆ తాళ్లలో తొమ్మిది, ఒక నరంతో కలిసి, మణికట్టు దగ్గర ఒకే ఇరుకు సందులోంచి పోతాయి. అక్కడ వాపొస్తే నలిగేది ఆ నరమే, అప్పుడు వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

లాగడానికి గట్టి పట్టు కావాలి, అది ఎముక. ఎండిపోయిన బొమిక చూసి చూసి ఎముకంటే నిర్జీవమైన కొయ్య అనుకుంటాం. కోడి కాలి ఎముకను కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెడితే కాల్షియం లవణాలు కరిగి, రబ్బరులా వంగే ఎముక మిగులుతుంది. ఇంకో ఎముకను నిప్పులో కాలిస్తే లోపలి కొల్లాజెన్ పోగులు కాలిపోయి, నొక్కితే పొడవుతుంది. ఒకటి గట్టిదనం ఇస్తుంది, రెండోది విరగకుండా కాస్తుంది. ఎముక నిత్యం కరుగుతూ, కట్టుకుంటూ ఉంటుంది. భారం పడిన చోట మందమవుతుంది, పడని చోట పలచబడుతుంది. జర్మన్ వైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లో దీన్ని సూత్రంగా రాశాడు. భారం తెలియని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి ఎముక నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం సాంద్రత కోల్పోతుంది.

సాంద్రత పెరిగితే మంచిదేనా? దీనికి జవాబు నల్గొండ జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు నమోదు చేశారు. ఆ తరవాత నల్గొండ బతుకంతా ఆ నీటితో ముడిపడింది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఏళ్ల తరబడి అంతకన్నా చాలా ఎక్కువ ఉన్న నీళ్లు తాగితే ఎక్స్‌రేలో ఎముకలు మామూలుకన్నా తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి. అయినా మనిషి వంగలేడు. ఎముకనూ ఎముకనూ కలిపి పట్టుకునే సంధిబంధనాల్లోకీ, స్నాయుబంధనాల కొసల్లోకీ కాల్షియం చేరి అవి ఎముకలా గట్టిపడతాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిరగాల్సిందే. మెదడు ఆజ్ఞ ఇస్తోంది, కండరం లాగుతోంది, ఎముక అక్కడే ఉంది. లేనిది కీలు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతటా నల్గొండ పద్ధతి అనే పేరు. కీళ్ల పాఠం చెప్పే తెలుగు టీచరు ఈ సంగతి చెప్పకుండా గంట ముగించకూడదు. అది మన నేల మీద, మన కళ్లముందు జరిగిన పాఠం.

కీళ్ల రకాలు పిల్లలకు ఎలాగూ వస్తాయి: బంతి గిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు. పేర్లకన్నా వాటి మధ్య ఉన్న బేరసారాలు ముఖ్యం. భుజంలోనూ తుంటిలోనూ ఉన్నది బంతి గిన్నె కీలే. భుజంలో గిన్నె లోతు తక్కువ, అందుకే చెయ్యి ఎటైనా తిరుగుతుంది, అందుకే భుజం తేలిగ్గా జారుతుంది. తుంటిలో గిన్నె లోతుగా ఉంటుంది, కదలిక తగ్గింది, పట్టు పెరిగింది. ఒళ్లంతా మోసేది అదే మరి.

కదిలే కీళ్లలో ఎముక కొసలకు మృదులాస్థి తొడుగు ఉంటుంది, మధ్యలో పలచటి జిగట ద్రవం. అక్కడ రాపిడి ఎంత తక్కువంటే, మంచు మీద మంచు జారినప్పటి రాపిడికన్నా తక్కువ. ఆ మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. భారం పడినప్పుడు దానిలోని ద్రవం బయటికి వస్తుంది, భారం తగ్గితే చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చుకుంటుంది. దానికి తిండి అలాగే అందుతుంది. కదలని కీలుకు తిండి సరిగా అందదు.

ఇప్పుడు మోచేతి లెక్కకు మళ్లీ వెళ్దాం. కండరాలు 40 కిలోల బలంతో ముంజేతిని పైకి లాగాయి. కిందికి లాగుతున్నది సంచీ ముంజెయ్యీ కలిపి ఆరున్నర కిలోలే. మిగతా 33 కిలోలు ఎటు పోయాయి? ముంజేతి ఎముకలను పైఎముకకు వేసి అదిమాయి. కండరం లాగడం తప్ప ఎరగదు, పైగా కీలు పక్కనే పట్టుకుని ఎన్నో రెట్లు బలంగా లాగుతుంది. కాబట్టి ప్రతి కదలికలోనూ ఎముకలు ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. వేగం కోసం చేసుకున్న బేరానికి ధర చెల్లించేది కీలు.

ఎక్కువ చెల్లించే కీళ్లలో తుంటి ఒకటి. నడుస్తున్నప్పుడు ప్రతి అడుగులో కొంతసేపు ఒంటికాలి మీద ఉంటాం. 60 కిలోల మనిషి కుడికాలి మీద నిలబడితే, ఆ కాలు పోను మిగిలిన 50 కిలోలు కుడి తుంటి కీలుకు సుమారు పది సెంటీమీటర్లు ఎడంగా వేలాడుతుంటాయి. నడుం ఎడమకు ఒరిగిపోకుండా తుంటి బయటివైపు కండరాలు లాగి పట్టాలి. వాటి పట్టు కీలుకు ఐదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి 100 కిలోల బలం కావాలి. ఆ వందా, పైనున్న యాభై కలిపి తుంటి మీద పడేది 150 కిలోలు, అంటే ఒంటి బరువుకు రెండున్నర రెట్లు. బెర్లిన్‌లో గియోర్గ్ బెర్గ్‌మన్ బృందం కృత్రిమ తుంటి కీళ్లలోనే కొలిచే పరికరాలు అమర్చి రోగులను నడిపించి చూసింది. మామూలు నడకలో వచ్చిన అంకె ఇంచుమించు ఇదే.

కుడి తుంటి నొప్పి పెడుతున్న పెద్దావిడకు చేతికర్ర ఇస్తే, నొప్పి కుడివైపు కాబట్టి కుడిచేతనే పట్టుకోబోతుంది. ఎడమచేత్తో పట్టుకోమనాలి. కారణం లెక్కలోనే ఉంది. ఎడమచెయ్యి కుడి తుంటికి సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కర్ర మీద ఐదు కిలోలు ఆనితే చాలు, ఐదు నలభైలు రెండు వందలు. ఒంటి బరువు వైపు లెక్క యాభై పదులు ఐదు వందలు. రెండు వందలు తీసేస్తే మూడు వందలు మిగులుతాయి, దాన్ని కండరం తన ఐదు సెంటీమీటర్లతో మోయాలి, అంటే 60 కిలోలు. పైనున్న బరువు 45. మొత్తం 105. ఐదు కిలోలు కర్ర మీద ఆనించినందుకు తుంటి మీద 45 కిలోలు తగ్గాయి. కర్రను కుడిచేత పడితే అది కీలుకు దగ్గరగా పడుతుంది, ఈ లాభం రాదు.

పిల్లలతో ఈ లెక్క బోర్డు మీద చేయించి, ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో కర్ర ఏ చేత పట్టుకుంటున్నారో చూసి రమ్మనండి. కర్ర పొడవు కూడా చూడమనండి: చెప్పులతో నిలబడి చేతులు వేలాడేస్తే పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. నడిచేటప్పుడు కర్రా, నొప్పి ఉన్న కాలూ కలిసి ముందుకు పడాలి, ఆ తరవాత రెండో కాలు.